ఎవరు పిలిచినా పలికే పడవ : నికోలా టెస్లా

ఫిజిక్సు చదువుకున్నవాళ్ళకు టెస్లా అంటే అయస్కాంత అభివాహ సాంద్రతకు ప్రమాణం. ఫిజిక్సు జోలికి పోనివాళ్ళకు టెస్లా అంటే బ్యాటరీతో నడిచే అమెరికా కారు. ఈ రెంటి వెనకా ఉన్న మనిషి 1943 జనవరి 7న న్యూయార్కులో ఒక హోటల్ గదిలో ఒంటరిగా కన్నుమూశాడు. ఆయన ఏ.సి. మోటారు గురించి, ఎడిసన్‌తో తగవు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. మన లైబ్రరీలోనూ పుస్తకాలున్నాయి. అందుచేత ఆ భాగం త్వరగా దాటేసి, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక బొమ్మ పడవ దగ్గర కాసేపు నిలబడదామని నా ఉద్దేశం. ఈనాడు జేబులోంచి తాళంచెవి తియ్యకుండానే, ఫోను దగ్గరకు రాగానే కారు తలుపు తెరుచుకుంటోంది కదా, ఆ తలుపుకి వచ్చిన చిక్కు మొట్టమొదట వచ్చింది ఆ పడవకే.

నికోలా టెస్లా 1856 జూలై 10న స్మిల్యాన్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా సామ్రాజ్యంలోని సరిహద్దు ప్రాంతం, ఇప్పుడు క్రొయేషియా. కుటుంబం సెర్బులది. తండ్రి మిలుటిన్ చర్చి పూజారి. తల్లి జూకా అక్షరం ముక్క రానిది, కాని వేలకొద్దీ పద్యపాదాలు నోటికి చెప్పేది. ఇంటి పనికి కావలసిన సాధనాలు తానే కల్పించి చేసుకునేది. తనకు ఈ కల్పనా శక్తి అమ్మ నుంచే వచ్చిందని టెస్లా చివరిదాకా నమ్మాడు. అన్న ఒకడుండేవాడు, డానె. ఇంట్లో అందరూ మహా తెలివైనవాడని మురిసిపోయేవారు. నికోలా చిన్నతనంలోనే గుర్రం వల్ల జరిగిన ప్రమాదంలో ఆ పిల్లాడు పోయాడు. మిగిలిన కొడుకు ఏం చేసినా తల్లిదండ్రులకు ఆ పోయినవాడే గుర్తొచ్చేవాడట. ఇలాంటి ఇళ్ళు మనకూ కొత్త కాదు.

తండ్రికి కొడుకుని పూజారిని చెయ్యాలని. కొడుక్కి ఇంజనీరు కావాలని. 1873లో కార్లొవాట్స్‌లో హైస్కూలు చదువు ముగించి ఇంటికొచ్చిన నికోలాకు కలరా తగిలింది. తొమ్మిది నెలలు మంచం దిగలేదు. ఇక దక్కడనుకున్న దశలో, బతికి బయటపడితే మంచి ఇంజనీరింగ్ స్కూల్లో చేర్పిస్తానని తండ్రి మాట ఇచ్చాడు. కుర్రాడు బతికాడు. తండ్రి మాట నిలబెట్టుకున్నాడు.

1875లో గ్రాట్స్ పాలిటెక్నిక్. మొదటి ఏడాది తెల్లవారకముందే లేచి అర్ధరాత్రిదాకా చదివాడు. అక్కడే ఒక డైనమో దగ్గర, నిప్పురవ్వలు కక్కే ఆ కమ్యుటేటరు లేకుండా యంత్రం నడపలేమా అని అడిగితే, ప్రొఫెసరు పోషల్ గారు అది అసాధ్యమని ఒక క్లాసంతా ఖర్చుపెట్టి రుజువు చేశారట. ఆ తరవాత ఏమైందో గాని మనవాడు జూదంలో పడ్డాడు. డిగ్రీ లేకుండానే బయటికొచ్చాడు. ఈ సంగతి ఇక్కడ రాయడం ఎందుకంటే, మహానుభావుల జీవితచరిత్రల్లో ఇలాంటి ముక్కలు మనవాళ్ళు తీసేస్తారు. 1879లో తండ్రి పోయాడు.

1881లో బుడాపెస్ట్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం. మరుసటి ఏడు ఒక సాయంత్రం స్నేహితుడితో పార్కులో నడుస్తూండగా, భ్రమణ అయస్కాంత క్షేత్రం ఆలోచన మెరిసింది. కర్రపుల్లతో నేలమీద బొమ్మ గీసి చూపించాడు. దశ తేడా ఉన్న రెండు ఏకాంతర ప్రవాహాలను తీగచుట్టల్లోకి పంపితే, క్షేత్రం తనంతట తాను తిరుగుతుంది, దాని వెంట మోటారు తిరుగుతుంది. కమ్యుటేటరు అక్కర్లేదు. పోషల్ గారి రుజువు అలా కొట్టుకుపోయింది.

ప్యారిస్‌లో ఎడిసన్ కంపెనీ శాఖలో కొన్నాళ్ళు చేసి, 1884లో జేబులో నాలుగు సెంట్లతో న్యూయార్కులో దిగాడు. ఎడిసన్ దగ్గర ఆరు నెలలు పనిచేశాడు. డైనమోలు బాగుచేస్తే యాభై వేల డాలర్లు ఇస్తామని మేనేజరు ఆశపెట్టి తరవాత నవ్వేశాడని ఆయన రాసుకున్నాడు. 1886 ప్రాంతంలో పూట గడవక గోతులు తవ్విన మాటా నిజమే. 1888లో కథ మారింది. మే 1న పేటెంట్లు వచ్చాయి, మే 16న అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో ఉపన్యాసం ఇచ్చాడు, జూలైలో జార్జి వెస్టింగ్‌హౌస్ ఆ హక్కులు తీసుకున్నాడు. గుర్రపుశక్తికి రెండున్నర డాలర్ల చొప్పున రాయల్టీ ఒప్పందం. కంపెనీ ఇబ్బందుల్లో పడ్డప్పుడు టెస్లా ఆ కాగితం చింపి పోగులు పెట్టాడని కథ చెప్తారు. చింపాడో లేదో గాని రాయల్టీ మాత్రం వదులుకున్నాడు. 1897లో రెండు లక్షల పైచిలుకు డాలర్లకు పేటెంట్లు ఏకమొత్తంగా ఇచ్చేశాడు. ఆ రాయల్టీయే ఉండివుంటే ఆయన చివరి రోజులు ఇంకోలా గడిచేవి.

1893లో షికాగో ప్రదర్శనశాలకు దీపాలు ఏ.సి.తో వెలిగాయి. 1896 నవంబరులో నయాగరా జలపాతం కరెంటు బఫెలో నగరం చేరింది. అదే షికాగోలో 1893లోనే మాట్లాడిన మన వివేకానంద స్వామి 1896 మొదట్లో న్యూయార్కులో టెస్లాను కలుసుకున్నారు. ప్రాణం, ఆకాశం గురించి స్వామి చెప్పింది టెస్లాకు నచ్చింది. పదార్థమూ శక్తీ ఒకటేనని లెక్కగట్టి చూపిస్తానన్నాడు. స్వామి ఎంతో ఆశపడ్డారు. ఆ లెక్క మాత్రం రాలేదు. టెస్లా చేస్తానన్నవీ చేసినవీ పక్కపక్కన పెడితే ఇలాంటి ఖాళీలు చాలా కనిపిస్తాయి.

ఇక పడవ సంగతి.

1895 మార్చి 13న ఆయన ప్రయోగశాల అగ్నికి ఆహుతైంది. కాగితాలు, యంత్రాలు, సర్వమూ బూడిద. మళ్ళీ మొదలుపెట్టి మూడేళ్ళకు ఒక చిన్న ఇనుప పడవ తయారుచేశాడు. పొడవు మూడు నాలుగు అడుగులు. లోపల బ్యాటరీ, ప్రొపెల్లరు తిప్పే మోటారు, చుక్కాని తిప్పే మోటారు, కొసన చిన్న దీపాలు. తీగ ఏదీ లేదు. దూరంగా ఉన్న పెట్టెలోంచి విద్యుత్ తరంగం పంపితే పడవ తిరిగేది, ఆగేది, దీపం ఆర్పేది. 1898 జూలై 1న పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. దాని పేరులోనే నౌకలు లేక వాహనాలు అని రెండూ ఉన్నాయి. మోటారు కారు ఇంకా వీధుల్లో వింతగా ఉన్న రోజులవి. పేటెంటు ఆఫీసువాళ్ళు నమ్మలేదు. పెద్ద పరిశీలకుడే స్వయంగా న్యూయార్కు వచ్చి కళ్ళారా చూశాక గాని సంతకం పడలేదని టెస్లా తరవాత చెప్పుకున్నాడు. 1898 నవంబరు 8న 6,13,809 నంబరుతో పేటెంటు వచ్చింది.

ఆ ఏడాదే న్యూయార్కులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ళతొట్టి కట్టి దీన్ని చూపించినట్టు చెప్తారు. చూసినవాళ్ళలో కొందరు లోపల కోతికి శిక్షణ ఇచ్చి దాచాడేమో అనుకున్నారట. అరవైనాలుగుకి ఘనమూలం ఎంత అని ఎవరో అడిగితే పడవ దీపం నాలుగుసార్లు వెలిగిందని ఒక కథ ఉంది. వెలిగించింది టెస్లా వేళ్ళేనని వేరే చెప్పక్కర్లేదు.

లోపలి యంత్రం వివరం కాస్త చూడాలి, ఎందుకంటే ముందు ముందు పనికొస్తుంది. తరంగాన్ని పట్టేది కోహీరర్ అనే గొట్టం. అందులో లోహపు పొడి. తరంగం తగలగానే పొడి రేణువులు అతుక్కుని కరెంటుకి దారి ఇస్తాయి. కాని ఒకసారి అతుక్కున్నవి కదిపితే గాని విడిపోవు. టెస్లా గడియారపు యంత్రం పెట్టి ప్రతి సంకేతం తరవాతా ఆ గొట్టం దానంతటదే తలకిందులయ్యేట్టు చేశాడు. సంకేతం వచ్చినప్పుడల్లా ఒక బిళ్ళ ఒక్క అడుగు జరుగుతుంది. ఒక అడుగుకు చుక్కాని ఎడమకు, తరవాతి అడుగుకు ఆగు, ఆ తరవాత కుడికి, మళ్ళీ ఆగు. అంటే పంపేవాడికి బిళ్ళ ఇప్పుడెక్కడుందో తెలియాలి. మధ్యలో ఒక్క సంకేతం తప్పిపోతే ఇద్దరి లెక్కా కలవదు. ఎడమకు పొమ్మంటే కుడికి పోతుంది.

చిక్కు ఎక్కడుందో ఈపాటికి మీకు తట్టే ఉంటుంది. లోహపు పొడికి టెస్లా చెయ్యి తెలుసా? తెలీదు. తగినంత బలమైన తరంగం ఎవరు పంపినా అతుక్కుంటుంది. పక్కవాడి యంత్రం, ఆకాశంలో మెరుపు, ఏదైనా ఒకటే. హాస్టల్లో ఒక గదిలో టి.వి. రిమోటు నొక్కితే ఎదురుగదిలో టి.వి. చానల్ మారిపోయినట్టన్నమాట. బొమ్మ పడవైతే నవ్వుకోవచ్చు. టెస్లా దాన్ని బొమ్మగా అమ్మలేదు. పేటెంటులో ఉత్తరాలు మొయ్యడం, ప్రాణరక్షణ, తిమింగిలాల వేట అన్నీ చెప్పి, అన్నిటికన్నా ముఖ్యంగా యుద్ధానికి పనికొస్తుందన్నాడు. అమెరికాకూ స్పెయిన్‌కూ యుద్ధం జరుగుతున్న సంవత్సరమది. మందుగుండు నింపుకుని వెళ్ళే పడవ శత్రువు పిలిచినా పలుకుతుందంటే ఏ సేనాపతి కొంటాడు? నౌకాదళం కొననే లేదు.

ఆ లోపం టెస్లాకు అందరికన్నా బాగా తెలుసు. 1899 మే నుంచి 1900 జనవరిదాకా కొలరాడో స్ప్రింగ్స్ కొండల్లో పిడుగులంత మెరుపులు పుట్టించాడని చెప్పుకుంటారే, ఆ తరవాత 1900 జూలైలో పెట్టిన ఒక దరఖాస్తు ఆ మెరుపులకన్నా నాకు విలువైనదిగా కనిపిస్తుంది. 1903 మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండు పేటెంట్లుగా అది బయటికొచ్చింది. ఆలోచన తేలికైందే. ఒకే పౌనఃపున్యానికి శ్రుతి చేసిన రిసీవరు అయితే ఎవడైనా వెతికి పట్టుకుంటాడు. రెండు మూడు వేర్వేరు పౌనఃపున్యాలకు విడివిడిగా శ్రుతి చేసిన వలయాలు పెట్టి, అన్నీ ఒక్కసారి మోగితేనే, లేదా ముందే అనుకున్న వరసలో మోగితేనే, యంత్రం కదిలేట్టు చెయ్యాలి. ఒకటి రెండు పౌనఃపున్యాలు పొరపాటున కలిసినా తలుపు తెరుచుకోదు. ఎలక్ట్రానిక్సు విద్యార్థులు దీన్ని చూడగానే యాండ్ గేటు అంటారు. అంకెల తాళం బీరువా తలుపుకి వేస్తాం. ఆ అంకెల తాళాన్ని ఈయన గాలికి వేశాడు. ఇదే ఆలోచన మీద ఫెస్సెండెన్ అనే మరో గొప్ప శాస్త్రవేత్త పోటీ పడితే, పేటెంటు ఆఫీసు తగవు తీర్చి టెస్లాకే హక్కు ఇచ్చింది.

అలాంటి జాగ్రత్త అవసరమేనని ఆ 1903లోనే లండన్లో రుజువైంది. జూన్ 4న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగ్ గారు మార్కోని పద్ధతి గురించి ఉపన్యసిస్తున్నారు. శ్రుతి చేసిన తంతిరహిత సంకేతాల్లో పరులు చొరబడలేరని మార్కోని పక్షం అప్పటికే చాటుకుంటోంది. కార్న్‌వాల్ తీరం నుంచి సందేశం రావలసిన సమయానికి ముందు, హాల్లోని యంత్రం తనంతట తాను టకటకమని మోర్స్ కోడులో మార్కోనిని ఎగతాళి చేసే మాటలు అచ్చుగుద్దడం మొదలుపెట్టింది. పంపింది నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు, దగ్గర్లోనే ట్రాన్స్‌మిటరు పెట్టుకుని కూచున్నాడు. పైగా దాచుకోలేదు, పత్రికకు రాసి మరీ ఒప్పుకున్నాడు. ఫ్లెమింగ్ గారికి ఒళ్ళు మండింది. ఇది గూండాతనం కాదా అన్నది ఆయన వాదన. లోపం ఉంటే జనానికి తెలియొద్దా అన్నది మాస్కెలిన్ వాదన. నా వరకు నేను మాస్కెలిన్ పక్షమే.

ఇక్కడ కథను నూరేళ్ళు ముందుకి తోస్తాను. పాఠకులు మన్నించాలి.

కారుకి బటన్ నొక్కే రిమోటు 1980లలో వచ్చింది. బటన్ కూడా నొక్కనక్కర్లేని తాళం 1990ల చివర వచ్చింది. మొదటిరకం రిమోట్లలో కొన్ని ప్రతిసారీ ఒకే సంకేతం పంపేవి. ఆలీబాబా కథలో గుహ గుర్తుందా? తలుపు మాట వింటుంది గాని మనిషిని చూడదు. చెట్టెక్కి విన్న ఆలీబాబా అదే మాట అన్నాడు, తెరుచుకుంది. కారు దొంగలు చేసిందీ అంతే, గాల్లో విని, అదే మళ్ళీ పంపారు. దానికి విరుగుడుగా ప్రతి నొక్కుకీ మారిపోయే సంకేతం పెట్టారు. చెవిలో ఒక లెక్క, కారులో ఒక లెక్క, రెండూ కలిసి ముందుకి జరుగుతూంటాయి. టెస్లా పడవలో అడుగు అడుగుగా జరిగిన బిళ్ళే ఇది. పిల్లాడు ఇంట్లో కూచుని ఊరికే బటన్ నొక్కితే చెవి లెక్క ముందుకి పోతుంది, కారుకి తెలీదు. అందుకని కారు కొంత తేడాను సహిస్తుంది. ఈ మారే సంకేతాల పద్ధతి మీద 2015లో ఒక పరిశోధకుడు దెబ్బకొట్టి చూపించాడు. మీరు నొక్కిన మొదటి సంకేతాన్ని అతని పెట్టె కారుదాకా పోనివ్వకుండా పట్టుకుంటుంది. తలుపు తెరుచుకోలేదని మీరు మళ్ళీ నొక్కుతారు. రెండోదాన్నీ పట్టుకుని, మొదటిదాన్ని వదులుతుంది. తలుపు తెరుచుకుంటుంది, మీరు సంతోషంగా వెళ్ళిపోతారు. ఇంకా వాడని సంకేతం ఒకటి అతని దగ్గర మిగిలింది.

జేబులోనే ఉండి తలుపు తెరిచే చెవిది ఇంకో తీరు. మనం హ్యాండిల్ పట్టుకోగానే కారు సన్నగా, తక్కువ పౌనఃపున్యంలో, మీటరు రెండు మీటర్ల దూరమే పోయే పిలుపు పిలుస్తుంది. చెవి ఎక్కువ పౌనఃపున్యంలో రహస్య లిపిలో జవాబిస్తుంది. పిలుపు అంత దూరమే పోతుంది కాబట్టి జవాబు వచ్చిందంటే చెవి పక్కనే ఉన్నట్టేనని కారు నమ్మకం. ఆ నమ్మకం తప్పు. ఇద్దరు దొంగలు రెండు పెట్టెలతో వస్తారు. ఒకడు కారు పక్కన, మరొకడు ఇంటి గుమ్మం బయట, గోడకి అవతల మేకుకి తగిలించిన చెవికి దగ్గరగా నిలబడతారు. మొదటి పెట్టె కారు పిలుపును రెండోదానికి అందిస్తుంది, అది చెవికి వినిపిస్తుంది. జవాబు వెనక్కి వస్తుంది. రహస్య లిపిని ఎవరూ విప్పలేదు, విప్పాల్సిన పని పడలేదు. తాళం వేసితిని గొళ్ళెం మరిచితిని అని మన పెద్దవాళ్ళు అన్నది దీన్ని చూసే అన్నట్టుంటుంది. జూరిక్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది మోడళ్ళమీద ఇది ప్రయత్నించి 2011లో ప్రచురించారు. పదికి పదీ తెరుచుకున్నాయి.

టెస్లా రెండు పౌనఃపున్యాల తాళం కూడా దీన్ని ఆపలేదు. రెంటినీ విని రెంటినీ మోసుకొచ్చేవాడికి అదేం అడ్డు? దీన్ని ఆయన తప్పుగా ఎంచడం అన్యాయం. ఎవరు పిలుస్తున్నారు అన్న ప్రశ్న ఆయన వేసుకున్నాడు. ఎంత దూరం నుంచి పిలుస్తున్నారు అన్నది వేసుకోలేదు. నూరేళ్ళ తరవాత కారు చేసినవాళ్ళకు కూడా ఆ ప్రశ్న ఆలస్యంగానే తట్టింది.

2003లో కాలిఫోర్నియాలో ఇద్దరు ఇంజనీర్లు పెట్టిన కంపెనీకి ఆయన పేరు పెట్టారు. తొలి కార్లలో మోటారు 1888 పేటెంటు వంశంలోదే, ఏ.సి. ఇండక్షన్ మోటారు. ఆ పేరు వరకు న్యాయమే. విచిత్రమేమిటంటే తాళం విషయంలో పెద్ద పాఠాలు కొన్ని ఆ కారు మీదే బయటపడ్డాయి. 2018లో బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం వారు మోడల్ ఎస్ చెవికి నకలు క్షణాల్లో తీశారు. అందులో వాడిన రహస్య సంఖ్య 40 బిట్లది. అంటే సుమారు లక్షా పది వేల కోట్ల అవకాశాలు. వినడానికి పెద్దదే గాని, ముందే లెక్కగట్టి పట్టికలు వేసుకున్న కంప్యూటరుకి రెండు సెకన్ల పని. ఆ లిపి బలం చాలదని 2005లోనే వేరే పరిశోధకులు చూపించారు. కంపెనీ చెవిని మార్చింది, కావాలంటే కారు కదలాలన్నా అంకెలు నొక్కాలన్న పద్ధతీ పెట్టింది. 2022లో ఫోను వంతు వచ్చింది. బ్లూటూత్‌తో ఫోనే తాళంచెవిగా ఉన్న కారుని, ఫోను ఎక్కడో దూరంగా ఉండగానే, ఇందాకటి రెండు పెట్టెల పద్ధతిలో తెరిచి నడిపి చూపించారు. అదే ఏడాది ఇంకో వింత. చిన్న కార్డు ఆనించి తలుపు తెరిచాక 130 సెకన్లపాటు కారు కొత్త చెవిని కూడా చేర్చుకోవడానికి సిద్ధంగా ఉండేది. చేరుస్తున్నది యజమానా, పక్కన నిలబడ్డ మరొకడా అని అడిగేది కాదు.

దొంగతనం లేకుండానే వచ్చే తమాషాలూ ఉన్నాయి. బటన్‌తో స్టార్టయ్యే కార్లలో చాలావాటికి, బయలుదేరాక చెవి దూరమైపోయినా నడుస్తున్న ఇంజను ఆపవు. నడిరోడ్డు మీద ఆపితే ప్రమాదం కదా. ఫలితంగా చెవి జేబులో పెట్టుకున్న భర్త రైల్వే స్టేషన్లో దిగి రైలెక్కుతాడు, భార్య కారు నడుపుకుంటూ ఇంటికొచ్చి ఇంజను ఆపుతుంది. అంతే, ఆయన తిరిగొచ్చేదాకా ఆ కారు కదలదు.

దూరం ప్రశ్నకి ఇప్పుడు ఇస్తున్న జవాబు కాంతివేగం. రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. పిలుపుకీ జవాబుకీ మధ్య కాలాన్ని నానోసెకన్లలో కొలిస్తే చెవి ఎంత దూరంలో ఉందో తేలిపోతుంది. దొంగ సంకేతాన్ని ఎంత బలంగా మోసుకొచ్చినా, కాంతికన్నా ముందు రాలేడు. అల్ట్రా వైడ్ బ్యాండ్ అనే ఈ పద్ధతిని కార్ల కంపెనీలూ ఫోన్ల కంపెనీలూ కలిసి 2021లో ప్రమాణంగా రాసుకున్నాయి. కొత్త మోడళ్ళలో వస్తోంది. పాతవి లక్షల్లో రోడ్ల మీదే ఉన్నాయి.

మళ్ళీ మన కథానాయకుడి దగ్గరికి వద్దాం. పడవ అమ్ముడుపోలేదు. 1915కి ఆ పేటెంటు గడువు తీరిపోయింది. ఆయన దృష్టి అంతకుముందే వేరేచోటికి పోయింది. 1901లో జె.పి. మోర్గన్ ఇచ్చిన లక్షా యాభై వేల డాలర్లతో లాంగ్ ఐలండ్‌లో వార్డెన్‌క్లిఫ్ అనే చోట గోపురం మొదలుపెట్టాడు. సముద్రం దాటి సందేశాలు పంపడానికి అని మొదలై, తీగ లేకుండా ప్రపంచానికంతకీ కరెంటు పంచుతాననేదాకా పెరిగింది. ఆ ఏడాది డిసెంబరు 12నే మార్కోని అంతకన్నా చవక సామానుతో అట్లాంటిక్ దాటించేశాడు. మోర్గన్ మరి పైసా ఇవ్వలేదు. 1917లో అప్పుల కింద ఆ గోపురాన్ని పడగొట్టారు. అదే ఏడాది ఇంజనీర్ల సంస్థ ఆయనకు పతకం ఇచ్చింది. దాని పేరు ఎడిసన్ మెడల్!

తరవాతి పాతికేళ్ళు హోటల్ నుంచి హోటల్‌కి మారుతూ, బాకీలు పెడుతూ, పార్కులో పావురాలకు గింజలు వేస్తూ గడిపాడు. పుట్టినరోజున విలేకరులను పిలిచి కొత్త కొత్త యంత్రాలు ప్రకటించేవాడు. మృత్యుకిరణం అన్నాడు, యుద్ధాలే ఉండవన్నాడు. చేసి చూపలేదు. పడవ చేసిన చేతులే కదా అని జనం కొంతకాలం నమ్మారు, తరవాత నవ్వుకున్నారు. 1934 నుంచి వెస్టింగ్‌హౌస్ కంపెనీ నెలకు 125 డాలర్లు ఇచ్చేది. సలహాదారు రుసుమని పేరు పెట్టింది, దానం పుచ్చుకోడని తెలుసు గనక. పెళ్ళి చేసుకోలేదు.

న్యూయార్కర్ హోటల్లో 33వ అంతస్తు, 3327వ నంబరు గది. అక్కడే పోయాడు. వయసు 86. అన్నింటికన్నా నన్ను ఆపేసే వివరం ఆ తరవాతిది. గదిలో ఇనప్పెట్టె ఉంది, అంకెలు తెలిసినవాడు పోయాడు. మేనల్లుడు కొసనోవిచ్ తాళాలు తీసేవాణ్ణి పిలిపించి తెరిపించాడు. కొత్త అంకెలు పెట్టి మళ్ళీ మూశారు. ఈలోగా ప్రభుత్వం వచ్చి కాగితాలూ పెట్టెలూ స్వాధీనం చేసుకుంది. యుద్ధకాలం, మృత్యుకిరణం మాట నిజమేమో అన్న భయం. ఎం.ఐ.టి. ప్రొఫెసరు జాన్ ట్రంప్ కూచుని అన్నీ చూసి, ఊహలే తప్ప ప్రమాదకరమైనదేమీ లేదని రిపోర్టు రాశాడు.

ఆయన పోయిన అయిదు నెలలకు, 1943 జూన్ 21న, అమెరికా సుప్రీంకోర్టు మార్కోని పేటెంటులో ముఖ్యభాగాలు చెల్లవని తీర్పు చెప్పింది. రేడియో కనిపెట్టింది టెస్లాయేనని కోర్టు అన్నట్టు చాలాచోట్ల రాస్తారు. కోర్టు అలా అనలేదు. శ్రుతి చేసిన వలయాల విషయంలో లాడ్జ్, టెస్లా, స్టోన్ మార్కోని కన్నా ముందున్నారని మాత్రం అన్నది. పెట్టెలన్నీ తరవాత బెల్‌గ్రేడ్ చేరాయి. 1957లో చితాభస్మాన్నీ అక్కడికే తీసుకెళ్ళారు. ఆయన పేరిటి మ్యూజియంలో, బంగారు పూత పూసిన గోళంలో అది ఉంది. మూడేళ్ళకు, 1960లో, తూనికలు కొలతల అంతర్జాతీయ సభవారు ఆ పేరును ప్రమాణంగా పెట్టారు.